ఇరవయ్యేడో అంకె

వెండెల్ ఓస్ట్రాండర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని గ్రేస్‌ఫీల్డ్ కాలేజీలో తెలియనివాళ్ళు లేరు. ఇరవై నాలుగేళ్ళుగా ఆయన అక్కడ ఫుట్‌బాల్ కోచ్. కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో విసిరి పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. కోచ్ అంటే మెడలో ఈల వేసుకుని తిరిగే దొర అనుకునేరు! నెబ్రాస్కాలో అంత చిన్న కాలేజీలో మైదానానికి తెల్లగీతలు గీసేదీ ఆయనే, బురద జెర్సీలు ఉతికేదీ ఆయనే, వేసవంతా రైతుల వంటిళ్ళలో కూర్చుని మీ వాణ్ణి మా కాలేజీకి పంపండమ్మా అని తల్లుల్ని బతిమాలేదీ ఆయనే. ఇంతా చేస్తే గత ఐదేళ్ళలో ఏ ఏడాదీ మూడు ఆటలకి మించి గెలిచింది లేదు.

సోమవారం నాడు క్రీడల డైరెక్టర్ గ్వెన్ హారిగన్ పిలిచి, కాఫీ ఇచ్చి మరీ చెప్పింది. సీజన్‌లో ఇంక మిగిలింది ఒక్క ఆట. శనివారం అది గెలిస్తే వచ్చే ఏడాదికి ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. ఆ మాట అనేసి, సినమన్ రోల్ తినమని పళ్ళెం ముందుకి జరిపింది. వెండెల్‌కి ఒళ్ళు మండిపోయింది. ముట్టుకోలేదు.

పుండు మీద కారం చల్లినట్టు, ఆ శనివారం ఎదుటి జట్టు కోచ్ కర్ట్ డ్వోరాక్. పదేళ్ళు వెండెల్ దగ్గరే అసిస్టెంటుగా ఉండి, ఆయన విద్యంతా నేర్చుకుని, రెండేళ్ళ కిందట పక్క కౌంటీ కాలేజీకి వెళ్ళిపోయాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని వెండెల్ ఉక్రోషం.

వాళ్ళ పద్ధతి ఇది. బంతి విసిరే కుర్రాడి మణికట్టుకి ఓ చిన్న అట్ట కట్టి ఉంటుంది. దాని మీద అంకెలు, ఒక్కో అంకె పక్కన ఒక్కో ఎత్తు. కోచ్ తన చేతిలోని కాగితం చూసి అంకె అరుస్తాడు, కుర్రాడు అట్ట చూసి ఆ ఎత్తు వేస్తాడు. డ్వోరాక్ వెళ్ళిన దగ్గర్నుంచీ వెండెల్ వారం వారం అంకెలు మార్చేస్తున్నాడు. వాడికి పాత అంకెలన్నీ కంఠతా వచ్చుననీ, విని తమ గుట్టు పట్టేస్తాడనీ భయం. కుర్రాళ్ళకి తల తిరిగిపోయేది. ఎందుకు కోచ్ అంటే ఒకటే సమాధానం: "అట్ట మీద ఏముంటే అదే. అడిగినవాడు బెంచీ మీద కూర్చుంటాడు." బంతి విసిరే టక్కర్ లింద్‌క్విస్ట్, అంకెలు మార్చడం మొదలైన ఏడాదే ఒక్కసారి అడిగి, మూడు ఆటలు కూర్చున్నాడు. మళ్ళీ నోరెత్తలేదు.

శనివారం విపరీతమైన గాలి. ఆట చివరికొచ్చేసరికి గ్రేస్‌ఫీల్డ్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఎదుటివాళ్ళ గీత మూడు గజాల్లో ఉంది. అది దాటితే గెలుపే. టక్కర్ విసిరిన బంతిని అందుకోబోతున్న కుర్రాణ్ణి అవతలివాడొకడు చొక్కా పట్టి వెనక్కి లాగాడు. రిఫరీ చూడలేదో, చూడదలచుకోలేదో, ఈల వెయ్యలేదు. ఇంక నాలుగు సెకన్లు, ఒక్క అవకాశం. ఆట ఆపమని అడిగే హక్కులు మూడూ ఎప్పుడో వాడేసుకున్నారు.

వెండెల్ నోటికొచ్చినట్టు తిట్టి, చేతిలో కాగితాన్ని నేలకేసి కొట్టాడు. అది నేలకి తగిలితేగా! గాలి ఎత్తుకుపోయి, కంచె దాటించి, కోతలైపోయిన మొక్కజొన్న చేలో పడేసింది. ఛీ, నా బతుకు అనుకుంటూ కోటు లోపలి జేబులో చెయ్యి పెడితే ఇంకో కాగితం తగిలింది. బతికాంరా దేవుడా అనుకున్నాడు. ఎడమ మూలకి బంతి విసిరే ఎత్తు వెతికి, ఇరవయ్యేడు అని గొంతు చించుకున్నాడు.

టక్కర్ మణికట్టు చూసుకున్నాడు. కోచ్ వైపు చూశాడు. మళ్ళీ మణికట్టు చూసుకున్నాడు. చుట్టూ చేరిన కుర్రాళ్ళు ఏదో గొణిగారు. వెండెల్ చెయ్యి విసిరి, కానియ్యమన్నాడు.

టక్కర్ బంతి అందుకుని, మెల్లగా ఓ మోకాలు నేలకి ఆనించాడు.

మోకాలు ఆనితే ఆ ఎత్తు అక్కడితో సరి. గెలుస్తున్నవాళ్ళు గడియారం కరిగించడానికి వాడే ఉపాయం అది. ఓడిపోతూ ఆనిస్తే తన గొయ్యి తాను తవ్వుకున్నట్టే. గడియారం సున్నాకొచ్చింది. ఏం జరిగిందో అర్థమై సంబరం మొదలెట్టడానికి ఎదుటి జట్టుకే కాసేపు పట్టింది.

వెండెల్ పళ్ళు కొరుకుతూ మైదానంలోకి దిగేసరికి డ్వోరాక్ ఎదురొచ్చి చెయ్యి చాచాడు. ఏమైంది కోచ్ అని అడిగాడు. మా అంకెలన్నీ నీకు తెలుసుగా, నువ్వే చెప్పు అని కసిరాడు వెండెల్. డ్వోరాక్ తెల్లబోయాడు.

"ఏ అంకెలు కోచ్? అవి నేను వెళ్ళిన నెలకే మర్చిపోయాను. మావాళ్ళ అంకెలే నాకు గుర్తుండి చావవు."

అప్పుడు చూసుకున్నాడు వెండెల్ చేతిలోని కాగితం. దాని పైన రాసి ఉన్నది పోయిన వారం ఆడిన జట్టు పేరు.

బట్టలు మార్చుకునే గదిలో టక్కర్ పక్కన ఎవరూ కూర్చోలేదు. గ్వెన్ వచ్చి, ఎందుకయ్యా మోకాలు వంచావని వాణ్ణే అడిగింది. టక్కర్ బూటు లేసు విప్పుకుంటూ తలెత్తలేదు.

"అంకె తప్పు చూశాను మేడమ్. పొరపాటు నాదే."

గ్వెన్ నిట్టూర్చింది. కుర్రాడు చేసిన తప్పుకి మీ ఉద్యోగం తియ్యడం న్యాయం కాదు, ఇంకో ఏడాది చూద్దాం అంది వెండెల్‌తో.

నోరు మూసుకుంటే చాలు. ఇరవై నాలుగేళ్ళ కొలువు నిలబడుతుంది. కాసేపు వెండెల్ మూసుకున్నాడు కూడా. కానీ నలభై మంది టక్కర్‌ని కొరకొరా చూస్తున్నారు. వాడికిదే ఆఖరి ఆట, మే నెలతో చదువైపోతుంది. తల నెరిసేదాకా ఆ ఊరు వాణ్ణి మోకాలు వంచినవాడనే పిలుస్తుంది. వెండెల్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

"వాడు సరిగ్గానే చూశాడు," అని కాగితం గ్వెన్ చేతిలో పెట్టాడు. "ఇది పోయిన వారంది. ఈ వారం అట్ట మీద ఇరవయ్యేడంటే మోకాలు ఆనించడమే. తప్పు నాది."

గ్వెన్ చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. అనాల్సింది సోమవారమే అనేసిందిగా.

కుర్రాళ్ళు ఒక్కొక్కరే టక్కర్ భుజం తట్టి వెళ్ళారు. చివరికి ఇద్దరే మిగిలారు. వెండెల్ బెంచీ మీద కూలబడ్డాడు. పాడు కోపం మళ్ళీ పొంగుకొచ్చింది.

"తప్పని నీకు తెలుస్తూనే ఉంది కదరా. ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?"

టక్కర్ మణికట్టు మీది అట్ట విప్పి ఆయన పక్కన పెట్టాడు.

"అడిగితే కూర్చోబెడతారుగా కోచ్," అన్నాడు. "ఇది నా ఆఖరి ఆట. కూర్చోవాలనిపించలేదు."