శుభలేఖ చీటీల దొంగ

పోస్టుకార్డు వచ్చేసరికి మహిత చేతులు పిండిలో ఉన్నాయి. రెండు వేళ్ల కొసలతో పట్టుకుని చదివింది, మళ్లీ చదివింది. ఆమె పంపిన చీటీల ఆట మద్రాసు పిల్లల పత్రిక వాళ్లకు నచ్చిందట. రేపు సాయంత్రం హరినాథ్ అనే ఆయన పుత్తూరు వచ్చి, వీళ్లు ఆడుతుంటే చూస్తాడట. ఆడేవాళ్లు ఒకరినొకరు అనుమానిస్తూ మాట్లాడుకుంటే దీపావళి సంచికలో ఆమె పేరుతో వేస్తారట.

పెళ్లయి మూడు నెలలు. ఈ ఇంటికి తన పేరున వచ్చిన మొదటి ఉత్తరం. పిండి అంటిన ఆ కార్డును దేవుడి పటం పక్కన పెట్టింది.

ఆట సులువే. ఐదు చీటీల్లో నాలుగు దొరలు, ఒకటి దొంగ. పోలీసుగా కూర్చున్న ఆరో మనిషి చీటీలు పంచి, తలా ఒక ప్రశ్న అడిగి దొంగను పట్టాలి. పోలీసుకేమీ తెలియదు, దొంగకు అంతా తెలుసు. మధ్యలో ఉన్నదంతా మాటలే.

భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నారు. కింద కూర్చోలేని అత్త దేవకమ్మ ముక్కాలిపీట మీద పోలీసు. మామ వెంకటరమణ, భర్త ధర్మేంద్ర, మరిది మునికృష్ణ, పక్కింటి పంకజాక్షి, మహిత చుట్టూ చేరారు.

దేవకమ్మ చీటీలు పంచింది. ఒక్క ప్రశ్నా అడగలేదు.

"ముని, నువ్వే."

మునికృష్ణ చీటీ విప్పాడు. దొంగ.

రెండోసారి పంకజాక్షి దొరికింది. మూడోసారి ధర్మేంద్ర.

"నీ మీద ఒట్టమ్మా, నేను దొరనే," అన్నాడు కళ్లు కూడా ఆర్పకుండా.

"ఒట్టు తర్వాత పెడుదువులే, చీటీ తియ్‌రా."

మహిత ఒక్కొక్కరి ముఖమే చూసింది. రేపూ ఇట్లాగే అయితే ఎవరూ నోరే విప్పరు. హరినాథ్ గారు కాఫీ తాగి తిరుగు బస్సెక్కుతారు. ఎవరో అత్తకు సైగ చేస్తున్నారనుకుంది. పంకజాక్షి గాజులు సర్దుకుంటే అనుమానం. మామ మీసం దువ్వుకుంటే అనుమానం. ధర్మేంద్ర ప్రతిసారీ దగ్గుతున్నాడు.

"నువ్వు గోడ వైపు తిరిగి కూర్చో," అంది.

"కట్టుకున్నోడినే అనుమానిస్తావా?"

"కట్టుకున్నాను కాబట్టే. ఇందాక ఎంత చక్కగా అబద్ధమాడినావో చూశాను."

గోడ వైపు తిరిగినా ఆ భుజాలు నవ్వుతున్నాయి. ఆ భుజాలను చూసి తనకూ నవ్వొచ్చింది, ఆపుకుంది.

నాలుగోసారి దొంగ చీటీ మహితకే వచ్చింది. ముఖం రాయిలా పెట్టుకుంది.

"అమ్మాయ్, నువ్వే," అంది దేవకమ్మ.

తన చీటీ తను తప్ప ఎవరూ చూడలేదు. అంటే సైగ చేసేవాళ్లెవరూ లేరు. చెబుతున్నది చీటీలే.

అన్నీ ముందరేసుకుంది. మిగిలిపోయిన తమ శుభలేఖ నుంచే పగలు తను కత్తిరించిన చీటీలివి. అన్నీ ఒకే పసుపు రంగు, ఒకే కొలత, ఎక్కడా గుర్తు లేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో రాసి చూసింది. నాలుగు గరుగ్గా ఉన్నాయి, ఒకటి నున్నగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ నాలుగూ పెళ్లి వాసన వేశాయి.

నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ. మూలలన్నీ దొరలయ్యాయి, నడిమి ముక్క దొంగయింది.

"మున్నూరు కార్డులకు నా చేత్తోనే పూసినాను. పంచేటప్పుడు ఆ మాత్రం నా వేళ్లకు తెలీదా?" అంది దేవకమ్మ.

"ముందే చెప్పొచ్చు కదత్తా."

"ఎవురన్నా అడిగితే కదా."

ధర్మేంద్ర గోడ వైపు నుంచే, "తెల్ల కాయితంతో చేసుకుంటే సరిపోతుంది కదా," అన్నాడు.

మహిత నున్నటి చీటీని వేళ్ల మధ్య తిప్పింది. అత్తకు మొత్తం తెలిస్తే మాటలతో పని లేదు. ఏమీ తెలియకపోతే గుడ్డిగా ఎవరినో ఒకరిని చూపిస్తుంది. సగం తెలిస్తే?

"వద్దు, పసుపే ఉండనీ," అంది. "రేపు పొద్దున్నే కొత్త చీటీలు. అత్తా, మూడు దొరలకే పసుపు పూయి. దొంగా, ఒక దొరా నున్నగా ఉంటారు. ఆ సంగతి ఆట మొదట్లోనే అందరికీ చెప్పేస్తాం. పోలీసుకు ఇద్దరి మీద అనుమానం, తేల్చాల్సింది మాటలతోనే. ముని, రేపు నువ్వు లేచి హరినాథ్ గారికి చోటియ్యి. ఆయన్ను ఊరికే చూడనియ్యం, ఆయన చేతిలోనూ ఒక చీటీ పెడతాం."