పంతొమ్మిదో పంపు

బిందె సగం నిండింది. చేతికర్రను సింకు అంచుకు తగిలించి, ఆమె ధార కింద వేలు పెట్టి చూసింది. ధారలో బలం ఉంది. అంటే పంతొమ్మిదో నంబరు పంపు బాగానే ఆడుతోంది. కంప్యూటరు తెరవకముందే ఆ పంపును ఆమె రోజూ ఇలా పలకరిస్తుంది.

"వదినా, నేను దించుతాగా! మీరు ముట్టుకోకండి," అంటూ మరదలు పరుగున వచ్చింది.

ఆమె పక్కకు జరిగింది. తమ్ముడి ఇంట్లో మూడేళ్ళుగా ఆమె పక్కకు జరుగుతూనే ఉంది.

ముందుగదిలో కిటికీ పక్కన ఒక బల్ల, రెండు తెరలు. కూర్చోగానే చేతికర్రను ఆ బల్ల అంచుకు తగిలిస్తుంది. ఊరికి నీళ్ళిచ్చే ముప్ఫై రెండు పంపుహౌసుల్లోని కంప్యూటర్లను ఆమె ఇక్కడి నుంచే చూసుకుంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో నంబరు నొక్కితే చాలు, ఎక్కడో చెమ్మగోడల మధ్య ఉన్న తెర ఆమె ముందు తెరుచుకుంటుంది. ఒకప్పుడు భుజాన సంచితో ఆ గదులన్నీ తిరిగిన మనిషి. ఎక్కడ తలుపును భుజంతో నెట్టాలో, ఎక్కడ బల్లులు మీద పడతాయో ఆమెకు తెలుసు. పంతొమ్మిదో పంపుహౌసులో ఇనుపమెట్ల మీద జారి కాలు విరిగాక ఆఫీసువాళ్ళు ఇంటి దగ్గరే కూర్చోబెట్టారు. ఎముక అతికి రెండేళ్ళయింది, ఇక ఆ కర్ర వదిలెయ్యమ్మా అని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. అయినా తమ్ముడి చెయ్యి పట్టుకోకుండా ఆమె ఒక్కసారీ గేటు దాటలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి పంతొమ్మిదో పంపు కంప్యూటరు మొరాయించింది. ఇక్కడ మౌస్ కదిపితే అక్కడ బాణం గుర్తు ఎప్పటికో కదులుతోంది. ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. మెనూ తెరిచింది. రీస్టార్ట్, దాని కిందే షట్‌డౌన్. మొదటిది నొక్కితే ఐదు నిమిషాల్లో అదే లేస్తుంది. రెండోది నొక్కితే మనిషి వెళ్ళి బటన్ నొక్కేదాకా లేవదు, అంతదాకా పంపూ ఆడదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆమె మొట్టమొదట చెప్పే జాగ్రత్త ఇదే.

ఆమె నొక్కింది. ఆగి ఆగి నడుస్తున్న బాణం సరిగ్గా అప్పుడే ఒక గీత కిందికి జారింది.

తెర నల్లబడింది. ఐదు నిమిషాలు చూసింది, పది చూసింది. చూస్తున్నంతసేపూ సంగతి ఆమెకు తెలుసు.

పంపు ఆపరేటరుకు ఫోన్ చేసింది.

"అమ్మా, నేను ఆస్పత్రిలో ఉన్నా. మా ఆవిడను ఇప్పుడే కాన్పుకి లోపలికి తీసుకెళ్ళారు," అన్నాడతను. "అన్నీ ఆటోమేటిక్‌లో పెట్టే వచ్చానే, ఏమైంది?"

"రీస్టార్ట్ చెయ్యబోయి షట్‌డౌన్ చేశాను."

"మీరా!" అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఈ ముక్క ఎన్నిసార్లు నా చెవిలో ఊదారు మీరు!"

"నవ్వింది చాల్లే. నువ్వు అక్కడే ఉండు. తాళం ఎక్కడ?"

"మామూలు చోటే, మీటరు పెట్టె వెనక. ఎవర్ని పంపుతారమ్మా?"

"చూస్తాను."

తమ్ముడికి చేసింది.

"నువ్వు కుర్చీలోంచి లేవకక్కా," అన్నాడు. "సాయంత్రం వచ్చేటప్పుడు నేను నొక్కేసి వస్తా. బటనేగా!"

"నాలుగున్నరకి ట్యాంకు ఖాళీ అవుతుందిరా."

"అవనీ. ఒక పూట నీళ్ళు రాకపోతే ఊరేం మునిగిపోదులే."

ఆమెకు నవ్వు రాలేదు. నాలుగున్నరకి ఆ ట్యాంకు కింది పది వీధుల్లో కుళాయిలు తిప్పే చేతులు ఆమె కళ్ళముందు కదిలాయి. ఆ తప్పు యంత్రానిది కాదు, ఆపరేటరుది కాదు. తాను ఆపింది, తానే లేపాలి. నడక ఇరవై నిమిషాలు. ఇనుపమెట్లు ఏడు. ఆ ఏడింటినీ ఆమె మూడేళ్ళుగా లెక్కపెడుతూనే ఉంది, కళ్ళు మూసుకున్నప్పుడల్లా.

బల్ల పట్టుకుని లేచింది. చెప్పులేసుకుంది. లోపలి గదిలో మరదలు గుండెల మీద పుస్తకం పెట్టుకుని నిద్రపోతోంది. లేపితే తోడు వస్తుంది. లేదా, కూర్చోండి వదినా అంటుంది. ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, లేపకుండా వెనక్కి తిరిగింది. గేటు గడియ చప్పుడు కాకుండా తీసింది. బయటికి వెళ్ళి, అంతే మెల్లగా వేసింది.

మూడున్నర దాటాక, ఎవరూ లేని ముందుగదిలో నల్లటి తెర తెల్లబడింది. అందులో బాణం గుర్తు దానంతటదే కదిలి, కాసేపు అటూ ఇటూ వెతుక్కుని, పంపు బొమ్మ మీద ఆగింది. వంటింట్లో సరిగా కట్టని కుళాయి ఒక చుక్క రాల్చింది, ఇంకో చుక్క రాల్చింది. బల్ల అంచున, పిడి దగ్గర అరిగి నున్నబడిన చేతికర్ర తగిలించినచోటే వేలాడుతోంది.