మగ్దలీనమ్మ ఇంట్లో ఫ్రిజ్జు

పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. దొరవారిసత్రం స్టేషన్లో గూడూరు నుంచి రావలసిన రైలు కోసం ఎదురుచూస్తున్న బిందుకు ప్లాట్‌ఫారం మీద ఎండ కూడా ముద్దొస్తోంది. పొద్దున హరినాథ్ ఆమె జడలో వంకరగా గుచ్చిన కనకాంబరాలను సరిచేసుకోకుండా అలాగే వదిలేసింది. వంకరైతేనేం, అతను పెట్టినవి. మెట్టెలు చెప్పులకు తగిలి టిక్కుమన్నప్పుడల్లా ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసి, తనలో తానే నవ్వుకుంది.

రైల్లోంచి పద్మనాభయ్యగారు దిగగానే మాత్రం ఆ నవ్వు ఎటో పోయింది.

ఆడపిల్లల చదువులకు సాయం చేసే ట్రస్టు తరఫున ఇళ్ళు చూసి వెళ్ళే పెద్దమనిషి ఆయన. ఒకప్పుడు హెడ్మాస్టరు. బిందు డిగ్రీ ఆ ట్రస్టు సాయంతోనే పూర్తయింది. అక్కడొక పద్ధతి ఉంది. సాయం పొంది చదువుకున్న ప్రతి అమ్మాయీ తర్వాత మరో అమ్మాయికి అక్కగా ఉండాలి. అప్లికేషన్ పెట్టించాలి, ధైర్యం చెప్పాలి, తడబడితే చెయ్యి పట్టుకోవాలి. బిందుకు దొరికిన మొదటి చెల్లెలు షారన్.

షారన్‌కు నెల్లూరులో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే ఆ సీటు మరొకరికి పోతుంది. తండ్రి కృపాదానం రొయ్యల చెరువుల దగ్గర కాపలా. తల్లి మగ్దలీనమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. ట్రస్టు కాదంటే షారన్ కూడా తల్లి పక్కన ఆ షెడ్డులో నిలబడవలసిందే. ఇల్లు చూసొచ్చి పద్మనాభయ్యగారు ఏమంటే అదే ఖాయం.

ఆటోలో ఆయన పెద్దగా మాట్లాడలేదు. కిందటి ఊళ్ళో ఒక కుటుంబం కారును పెరట్లో గడ్డివామి వెనక దాచిందని, పైకి పేదవాళ్ళలా కనిపించేవాళ్ళను నమ్మడం మానేశానని మాత్రం చెప్పాడు. బిందు వింటూ తల ఊపింది. మగ్దలీనమ్మ ఇంట్లో దాచడానికి ఏముంది గనక?

గడప దాటగానే ఆమె ఆగిపోయింది.

ముందుగదిలో ప్లాస్టిక్ కవరు తియ్యని సోఫా. గోడకు పెద్ద టీవీ. తలుపు పూర్తిగా తెరుచుకోకుండా అడ్డంగా ఎర్రటి ఫ్రిజ్జు. మగ్దలీనమ్మ మెడలో రెండు పేటల గొలుసు. పోయిన నెల బిందు వచ్చినప్పుడు ఈ గదిలో ఒక చాప, ఒక ట్రంకుపెట్టె ఉన్నాయి.

ఏం జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ఆ కాలనీలో ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నా, పాస్టరుగారు వచ్చేలోగా ప్రతి ఇంటినుంచీ ఉన్నవాటిలో మంచివి వచ్చి చేరతాయి. కుర్చీలు, గ్లాసులు, దుప్పట్లు. ఒకరి ఇంటి పరువు అందరి పరువు. సారు వస్తున్నాడంటే కాలనీ అంతా అలాగే కదిలింది. పైగా రెండు రోజుల కిందట ఏం సిద్ధం చెయ్యాలని మగ్దలీనమ్మ ఫోన్లో అడిగితే, కొత్త పెళ్ళికూతురి హుషారులో, ఇల్లు కాస్త కళకళలాడేట్టు పెట్టుకుంటే చాలు పిన్నమ్మా అని చెప్పింది తనే.

పద్మనాభయ్యగారు సోఫాలో కూర్చుని కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. టీవీని చూశాడు, ఫ్రిజ్జును చూశాడు, గొలుసు దగ్గర ఆగాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నిజం చెబితే మగ్దలీనమ్మ పరువు పోతుంది. చెప్పకపోతే షారన్ చదువు పోతుంది.

నిమ్మకాయ నీళ్ళు కలిపే వంకతో మగ్దలీనమ్మను వంటగదిలోకి తీసుకుపోయింది.

"పిన్నమ్మా, ఇవన్నీ మీవే అనుకుంటున్నారు ఆయన. ఉన్నవాళ్ళకు సాయం ఇవ్వరు."

మగ్దలీనమ్మ గ్లాసులో చెంచా తిప్పుతూనే ఉంది. "ఏందిమా నువ్వు చెప్పేది? ఇంటికొచ్చిన పెద్దాయన్ని నేల మీద కూర్చోబెట్టమంటావా? పిల్లకు సాయం కావాల అంతే. అడుక్కోడానికి వచ్చినట్టు నిలబడేది నావల్ల కాదు."

"నేను చెప్పనా ఆయనకు?"

"చెప్పినావంటే మళ్ళీ ఈ గడప తొక్కబాక."

బిందు వెనక్కి తిరిగింది. పక్కగది తలుపు దగ్గర షారన్ నిలబడి అంతా విన్నది. అప్లికేషన్ మొదలుకుని ఇంటర్వ్యూ దాకా ఆ పిల్ల ఏం మాట్లాడాలో బిందే నేర్పింది. ఇవాళ నేర్పడానికి తన దగ్గరా ఏమీ లేదు.

"నాకు తోచడం లేదు షారన్," అంది నెమ్మదిగా. "చదువు నీది, ఇల్లూ నీదే. నువ్వేం చేసినా నీ పక్కనే ఉంటాను."

షారన్ తల్లి చేతిలోంచి గ్లాసు అందుకుని ముందుగదిలోకి నడిచింది. పద్మనాభయ్యగారు అది అందుకుని, కాగితం మడవబోతూ ఇంక బయల్దేరతానన్నాడు.

"సార్, ఈ ఫ్రిజ్జు మాది కాదు," అంది షారన్. "సోఫా, టీవీ కూడా. అమ్మ మెళ్ళో గొలుసు ఎదురింటి రవి కుమార్ అన్న వాళ్ళది. మీరొస్తా ఉండారని తెచ్చినాము. మాకు లేదని చెప్పుకోను సిగ్గు లేదు సార్. మిమ్మల్ని కింద కూర్చోబెట్టాలంటేనే సిగ్గయింది."

వంటగదిలో చెంచా కిందపడిన చప్పుడు. మగ్దలీనమ్మ బయటికి రాలేదు.

పద్మనాభయ్యగారు కాగితాన్ని మడిచేశాడు. బిందు ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడారని లేచి వెళ్ళిపోతాడా?

"మీదేదమ్మా ఇక్కడ?" అన్నాడు చివరికి.

"ఆ చాప సార్."

ఆయన చుట్టి గోడకు ఆనించిన చాపను చూశాడు. "నాకు మోకాళ్ళ నొప్పులు. దాని మీద కూర్చుంటే మీరంతా కలిసి నన్ను లేపాల. ఎవరిదైనా సరే, ఈ సోఫాలోనే కూర్చుంటా."

షారన్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన మడిచిన కాగితం విప్పి రాసినదాన్ని కొట్టేశాడు కానీ, కళ్ళజోడు ఇంకా నుదుటి మీదే ఉంది. తల్లిని పిలవమన్నాడు.

మగ్దలీనమ్మ వచ్చింది. గొలుసు తీసి గుప్పిట్లో పట్టుకుని ఉంది. ఎవరి ముఖమూ చూడలేదు.

కూతుళ్ళను హాస్టల్లో చేర్పించి, ఏడాది తిరగకుండా నలుగురేమంటారోనని వెనక్కి పిలిపించుకున్న తల్లుల గురించి చెప్పాడాయన. అలాంటి చోట చేసిన సాయం బూడిదలో పోసిన పన్నీరేనన్నాడు. "నలుగురి కోసం ఇంత చేసినావు. రేపు ఆ నలుగురే పిల్లను పిలిపించమంటే ఏం చేస్తావు?"

మగ్దలీనమ్మ అప్పుడు తలెత్తి కూతుర్ని చూసింది. ఆ చూపులో కోపమే ఎక్కువ.

"నా ఎదురుగానే నా పరువు తీసింది గదండీ," అంది. "నా మాటే లెక్కచేయని పిల్ల, నలుగురి మాట వింటదా? నేను పిలిచినా రాదు. చేర్పించండి."

పద్మనాభయ్యగారు కళ్ళజోడు దించుకుని, సోమవారం కాలేజీకి తానే ఫోన్ చేస్తానని చెప్పి, రాయడం మొదలుపెట్టాడు. బిందు మగ్దలీనమ్మ చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి లాగేసుకుని, గొలుసు ఇచ్చి రావడానికి వీధిలోకి వెళ్ళిపోయింది.