గుమ్మంలో మర్యాద

అలెగ్జాండ్రియాలోని ఆ వృద్ధుల హోంలో ఇబ్తిహాల్ రెండు రోజులుగా పాఠాలు చెబుతోంది. ముసలివాళ్లు ఒకరి మీదికొకరు వెళ్లకుండా సిబ్బంది ఏం చేయాలన్నది పాఠం. గొంతు పెంచకూడదు, పక్కనుంచి రావాలి, ఎవరి మీదా చెయ్యి వేయకూడదు. ఇంట్లో అత్తగారితో టీవీ రిమోట్ కోసం పెనుగులాడే తనే ఈ మూడూ వల్లిస్తుంటే ఆమెకే లోపల నవ్వొచ్చేది. తాను దూర సందు లేదు, మెడకో డోలు.

మూడో రోజు అసలు పరీక్ష. వగ్దీ అనే పెద్దాయన ఈ నెల మూడుసార్లు హోంలోనే ఉండే లబీబ్ మాష్టారిని తోశాడని రిజిస్టరులో ఉంది. నాలుగోసారి తోస్తే పై అంతస్తుకు, తాళాలు వేసే వార్డుకు పంపేస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ కిందికి రాలేదు. వగ్దీని కిందే ఉంచాలో పైకి పంపాలో, ఆయన తీరు చూసి ఇబ్తిహాల్ ఇవాళ రాసివ్వాలి.

భోజనాల గంట మోగింది. వగ్దీ, లబీబ్ ఇద్దరూ హాలు గుమ్మం దగ్గర ఆగారు.

“నడవండి మాష్టారూ, ముందు మీరు,” అన్నాడు వగ్దీ.

“అబ్బే, మీ తర్వాతే. దేవుడి మీద ఒట్టు.”

“నేనూ ఒట్టేశాను. నడవండంటే.”

వగ్దీ చెయ్యి లబీబ్ మోచేతిని పట్టుకుంది, లబీబ్ చెయ్యి వగ్దీ వీపు మీదికి పోయింది. ఆ మూడుసార్లూ జరిగింది ఈ మర్యాదేనని ఇబ్తిహాల్‌కు అప్పుడు తెలిసింది. వెనక పదిమంది చేతికర్రలతో నిలబడిపోయారు, లోపల పప్పు సూపు చల్లారుతోంది. ఆమె పాఠంలో చెప్పినట్టే మెల్లగా పక్కనుంచి వచ్చింది.

“వచ్చావా తల్లీ,” అన్నాడు లబీబ్. “అయితే ముందు నువ్వు.”

పెద్దవాళ్లను దాటి వెళ్లడమా? ఆమె పెంపకం అలాంటిది కాదు మరి. “అయ్యో, మీ ఇద్దరి తర్వాతే మాష్టారూ,” అంది. ఒట్టు కూడా వేసింది. వేసిన ఒట్టు నిలబెట్టుకోవాలి కదా, ముందున్న వగ్దీ నడుం మీద చెయ్యి వేసి కాస్త గట్టిగానే తోసింది. ఆయన గుమ్మంలో చతికిలబడ్డాడు.

హెడ్ నర్సు తహానీ రిజిస్టరు తీసుకుని వచ్చింది. “తోసింది ఎవరని రాయను మేడమ్?”

“నా పేరే రాయండి.”

వగ్దీ నేల మీద నుంచే చెయ్యి అడ్డం పెట్టాడు. “రాయకమ్మా. పిల్ల నాకు మర్యాద చేసింది, అంతే. రాస్తే ఈ పిల్లనూ పైకి పంపేస్తారు. ఓసారి ఒకాయన్ను పలకరించడానికి వెళ్లి చూశాను, అక్కడ గుమ్మం దగ్గర మనకోసం ఆగేవాడు ఒక్కడుండడు.”

ఇబ్తిహాల్‌కు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఆయన పక్కనే నేల మీద కూర్చుని రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని తనే రాసింది: “తోసింది నేను. వెనకటి మూడూ ఇదే బాపతు, కొట్టేయండి. వగ్దీ గారు కిందే ఉంటారు.”