చేబదులు మురికి

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే. కానీ మా వదిన పెంచే సిక్లిడ్ చేప నోట్లో ఏకంగా సంసారమే నానుతుంది. గుడ్లు పెట్టగానే వాటిని నోట్లోకి తీసుకుంటుంది ఆ తల్లి. అవి పొదగడం, తోకలు రావడం, ఈత నేర్వడం, అన్నీ అక్కడే. అన్నాళ్ళూ పస్తే. నోరు మూసుకుని పిల్లల్ని పెంచే తల్లిని లోకంలో ఇదొక్కదాన్నే చూశానని అన్నందుకు మా వదిన నన్ను కొలతల టేపుతో ఒక్కటేసింది. ఆవిడ దర్జీ. టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది, నేనెప్పుడూ టేపు అందే దూరంలోనే ఉంటాను.

ఆ చేపకి మౌనమ్మ అని పేరు పెట్టింది నేనే.

వీధి వైపు కుట్టు గది, వెనక గదిలో ఇనుప స్టాండు మీద తొట్లు. మౌనమ్మ ఉండేది పెద్ద తొట్టిలో, నాలుగు పచ్చ చేపల పక్కన. దాని జతగాడు పోయిన నెల చచ్చిపోయాడు. ఆ రకం చేప ఇక్కడ ఇంకెక్కడా దొరకదు. మౌనమ్మకీ వయసు మీద పడింది. ఇంతకు ముందు రెండు కాన్పుల పిల్లలూ తొట్టి మార్చేటప్పుడే పోయాయి. ఒకసారి వల దారాల్లో చిక్కి, ఇంకోసారి కొత్త నీళ్ళు పడక. ఆ రెండుసార్లూ వదిన మిషను తొక్కలేదు, నాతో దెబ్బలాడనూ లేదు. ఇంట్లో ఇంతకంటే పెద్ద సంతాపం నేనెరగను. కాబట్టి ఈ కాన్పు నిలిస్తేనే వంశం. లేకపోతే నీళ్ళే మిగులుతాయి, తొట్టిలోనూ, ఆవిడ కళ్ళలోనూ.

మౌనమ్మ దవడ సంచీలా ఉబ్బింది. పిల్లల్ని వదిలే సమయం దగ్గరపడింది. పెద్ద తొట్టిలో వదిలిందంటే అవి పచ్చ చేపలకి ఫలహారం. అందుకని వదిన చిన్న తొట్టి ఒకటి సిద్ధం చేసింది. దానికోసం కొత్త స్పాంజి ఒకటి, నెలలుగా పెద్ద తొట్టిలో పాత స్పాంజి పక్కనే నానబెట్టి ఉంచింది. గాలి గొట్టం తగిలిస్తే స్పాంజి నీళ్ళని పీల్చి వదులుతూ ఉంటుంది. అలా ఉండి ఉండి రెండూ బెల్లం రంగుకి తిరిగాయి.

ఇక మా అన్నయ్య. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. లోకంలో ఏ గాజు మీదా మరక ఉండరాదన్నది ఆయన దృష్టి. మరక కనిపించిందా, మరిక ఇంకేమీ కనిపించదు. ఆ రోజు వదిన కుట్టిన యూనిఫారాలు ఇచ్చి రావడానికి బడికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అన్నయ్య గుమ్మంలోనే పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చాడు. పళ్ళెంలో రెండు స్పాంజిలు, మల్లెపూలలా.

"ఎలా ఉన్నాయి?" అన్నాడు.

వదిన చేతిలో సంచి జారింది. "రెండూ కడిగారా?"

"రెండూనూ. వేణ్ణీళ్ళు పోసి మరీ. అబ్బో, ఎంత మురికి వచ్చిందనుకున్నావ్!"

వదిన మిషను ముందు స్టూలు మీద కూలబడింది. "ఏవండీ, మీరు కడిగింది మురికిని కాదు. మురికిని తినేవాళ్ళని."

"ఎవర్ని?"

"కంటికి కనపడని జీవాల్ని. చేపలు తినేదీ ఆ నీళ్ళలోనే, దొడ్డికెళ్ళేదీ ఆ నీళ్ళలోనే కదా. అందులోంచి పుట్టే విషాన్ని విరగ్గొట్టేవి స్పాంజిలో కాపురముంటాయి. అవి కుదురుకోవాలంటే వారాలు పడుతుంది. పెద్ద చేపలకైతే రోజూ కాసిని నీళ్ళు మార్చి నెట్టుకొస్తాను. పసివి ఓర్చుకోలేవండీ. వాటి విషంలో అవే పోతాయి."

"అన్నయ్యా, పారిశుధ్య సిబ్బంది మొత్తాన్నీ ఉడకబెట్టావన్నమాట!" అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. దంపతుల్ని ఏకం చెయ్యడానికి నా నోరు ఎప్పుడూ పనికొస్తుంది.

అన్నయ్య తెల్లబోయాడు. స్పాంజిలకంటే తెల్లబోయాడు. "ఇప్పుడేం చేద్దాం?" అన్న గొంతులో షాపు యజమాని లేడు.

వదిన పళ్ళెం అందుకుని పక్కన పెట్టింది. "ఏళ్ళ తరబడి కడగని స్పాంజి కావాలి. జబ్బు లేని తొట్టిలోది."

ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుని, తర్వాత కిటికీలోంచి ఎదురుగా ఉన్న సెలూన్ వైపు చూశాం. సెలూనాయనకి కత్తెర కత్తెరకీ చుట్టరికమని వదిన ఎప్పుడో పచ్చ చేపల్ని ఇచ్చింది. అవి బొద్దుగా, హుషారుగా ఉన్నాయి. తొట్టి గాజు మాత్రం నాచుపట్టి ఉంటుంది. "అందులో ఉన్నవి చేపలో చెప్పులో చెప్పలేం" అని అన్నయ్య వీధంతా చాటి, ఆ మురికి చూడలేక జుట్టు కత్తిరించుకోవడానికి పక్క వీధికి వెళ్తున్నాడు.

"నేను అడిగొస్తాను," అంది వదిన.

"వద్దు. కడిగింది నేను," అని అన్నయ్య గిన్నె తీసుకుని వీధి దాటాడు. ఇలాంటి దృశ్యం వదులుకుంటానా? వెంటపడ్డాను.

సెలూనాయన ఒక పెద్దమనిషికి గడ్డం గీస్తున్నాడు. "రండి రండి, అద్దాల అన్నగారూ! దారి తప్పారా, జుట్టు పెరిగిందా?"

"నీ తొట్టిలో స్పాంజి కావాలి."

"అయ్యో, అలాగే. శుభ్రంగా కడిగి..."

"కడక్కు!"

ఆ అరుపుకి కత్తి గాల్లో ఆగింది. సబ్బు నురగలోంచి పెద్దమనిషి కళ్ళు తెరిచాడు.

"ఒక్కసారి మళ్ళీ సెలవివ్వండి. ఈయనా వినాలి," అన్నాడు సెలూనాయన.

"కడక్కు. అలాగే ఇవ్వు. ఆ మురికి..." అన్నయ్య గిన్నె ముందుకి చాపాడు. "మంచిది."

సెలూనాయన పడీపడీ నవ్వాడు. కానీ పసిపిల్లల సంగతి నేను చెప్పగానే నవ్వు ఆపేసి, స్పాంజి తీసి, అక్కడికక్కడే కత్తెరతో రెండు ముక్కలు చేశాడు. "సగం మా వాటికి, సగం పసివాటికి. ఆ నీళ్ళలోనే ముంచి పట్టుకెళ్ళండి, ఆరనివ్వకండి."

తెల్ల చొక్కా మీద గోధుమరంగు చుక్కలు పడుతుంటే రెండు చేతులతో గిన్నె పట్టుకుని వీధి దాటాడు మా అన్నయ్య. పండ్ల బండాయన "ఏంటండీ అది?" అంటే, తల ఎత్తకుండానే "మురికి. చేబదులు తెచ్చాను" అన్నాడు.

చిన్న తొట్టిలో స్పాంజి బుడగలు వదలడం మొదలుపెట్టింది. వదిన లైటు తీసేసింది. వల గోడకే వేలాడుతోంది. ఆవిడ గాజు గిన్నె ఒకటి పెద్ద తొట్టిలో ముంచి, మౌనమ్మ దాక్కునే కుండపెంకు ముందు పక్కకి ఒరిగించి పట్టుకుంది. అంతే. తరమలేదు, పొడవలేదు. మోచేతి దాకా నీళ్ళలో ఉంచి అలా నిలబడింది.

"బెదిరిందంటే ఉమ్మేస్తుంది. లేదా మింగేస్తుంది," అంది మెల్లగా. "ఎవరూ మాట్లాడకండి." 'ఎవరూ' అంటే నేనే.

పచ్చ చేప ఒకటి వచ్చి ఆవిడ వేలు కొరికి చూసింది. చెయ్యి కదల్లేదు. ఎంత సన్నని సూదిలోకైనా ఒక్క ప్రయత్నంలో దారం ఎక్కించే చెయ్యి అది. పొరుగు చేపల కంటే గాజు గోడే నయమనుకుందో ఏమో, చివరికి మౌనమ్మ తనంతట తానే గిన్నెలోకి వచ్చింది. నీళ్ళతో సహా, గాలి సోకకుండా, గిన్నె ఈ తొట్టిలోంచి ఆ తొట్టిలోకి తేలుతూ వెళ్ళింది. అక్కడ చెంచాతో ఆ నీళ్ళు కాసిని, మళ్ళీ ఆగి ఇంకాసిని, చేప ఒంటికి తెలియకుండా కొత్త నీళ్ళు కలిపింది వదిన. నా నాలుక మీద అప్పటికి మూడు హాస్యాలు క్యూ కట్టాయి. మింగేశాను. ఆ పూట నా నోట్లో నువ్వుగింజ నానడమే కాదు, మొలకెత్తింది కూడా. గిన్నె ఒరిగింది. మౌనమ్మ మూసిన నోరు మూసినట్టే జారి మూలకి చేరింది.

మర్నాడు పొద్దున అన్నయ్య కేక విని పరిగెత్తాను. మౌనమ్మ నోరు తెరిచింది. ఆవలింతలోంచి ఆవగింజలు రాలినట్టు పిల్లలు. నేను దగ్గరికి వంగేసరికి మళ్ళీ గుప్పున నోట్లోకి. వెనక్కి తగ్గితే మళ్ళీ బయటికి. అంత నమ్మకంగా వెళ్ళి దాక్కోదగ్గ నోరు మనుషుల్లో నేను చూడలేదు, నాది అసలే కాదు.

పిల్లలు తల్లి వెంట పడడం మానాక వదిన మౌనమ్మని పెద్ద తొట్టికి చేర్చి, చిటికెడు మేత వేసింది. అది మొదట వాసన చూసి, తర్వాత గబగబా తినేసింది. ఆ రోజు వదిన మిషను చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

ఇక పిల్లల్నే చూడాలి. అన్నయ్య షాపు తెరిచే ముందు రోజూ చిన్న తొట్టి దగ్గర కూర్చునేవాడు. ఒక రోజు గోధుమరంగు స్పాంజి చుట్టూ పిల్లలన్నీ మూగి, ఏదో పొడుచుకు తింటూ కనిపించాయి.

"ఏమే, ఆ మురికినే తింటున్నాయా?"

"మరి? వాటికి అదే భోజనశాల," అంది వదిన దారం కొరుకుతూ.

అన్నయ్య గాజుకి ముక్కు ఆనించి ఇంకా దగ్గరగా చూశాడు. వెనక్కి జరిగితే గాజు మీద ముక్కు మరక. అలవాటుకొద్దీ జేబులోంచి కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డ తీశాడు. చెయ్యి గాజు దాకా వెళ్ళింది. లోపల పిల్లలన్నీ తినడం ఆపి ఆ వైపుకి తిరిగాయి.

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "తిననీ," అన్నాడు గుసగుసగా.