పేరు మారిన ఓడ

కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీయడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే మిషను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చుంటే ఆమె మాత్రం టిఫిన్ డబ్బా, బైనాక్యులర్సు సంచిలో పడేసుకుని కాలవ లాకుల దగ్గరికి పోయేది.

లాకు గేట్ల మధ్య నీళ్ళు ఎక్కేదాకా సరుకు ఓడలు పావుగంట కదలకుండా ఆగాలి. ఆమెకి ఆ పావుగంట చాలు. ఓడ పేరు, నంబరు, ఏం మోస్తోంది, నీళ్ళలో ఎంత దిగింది, అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. అలాంటి పుస్తకాలు ముప్పై నాలుగు నిండాయి. పేరు కనబడనంత దూరంలో ఉన్నప్పుడే ముక్కు వంపు చూసి ఫలానాది వస్తోందని చెప్పేసేది. లాకుల దగ్గర గేటు తిప్పే మనిషి ఆమెకి ‘దుర్భిణక్క’ అని పేరు పెట్టాడు. “కన్నతల్లి కూడా పిల్లల ఒంటిమీద పుట్టుమచ్చలు ఇంత గుర్తు పెట్టుకోదక్కా” అనేవాడు.

ఆమె తమ్ముడు ఓడల ఇంజన్ మెకానిక్కు. కింది వాటాలో పెళ్ళాం, ఏడాది పాపతో ఉంటాడు. ఏడాదిన్నరగా పని లేక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నవాడు ఒకరోజు మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చాడు.

“అక్కా, పర్మనెంటు పని దొరికింది! గురువారం మీ లాకుల మీదుగానే వస్తున్నాం. మా ఓడని కూడా నీ పుస్తకంలో ఎక్కించు మరి!”

గురువారం ఆమె అరగంట ముందే వెళ్ళి నిలబడింది. ఆకుపచ్చ రంగు తళతళలాడుతూ ఓడ లోపలికొచ్చింది. కంకర నిండా ఉంది. వెనక నుంచి తమ్ముడు చెయ్యి ఊపాడు. ఆమె ఊపబోయి ఆగిపోయింది.

ముక్కు కింద ఎడమ పక్కన ఒక అతుకు పలక. దాని కింది మూల తెగిపోయి ఉంది. పైన కొత్త పేరు రాసి ఉన్నా, రంగు కింద పాత అక్షరాలని గీకేసిన గరుకు ఎండ పడ్డచోట తేలి కనబడుతోంది. ఆమె కళ్ళని ఆ రంగు ఎంతోసేపు మభ్యపెట్టలేకపోయింది.

ఇంటికెళ్ళి పాత పుస్తకాలు తిరగేసింది. ఎనిమిదేళ్ళ కిందట వంతెన స్తంభానికి గుద్దుకుని మూడో సరుకు గది దగ్గర నడుం వంగిన ఓడ అది. పాత ఇనుము యార్డుకి లాక్కుపోతుంటే చూసి ‘దీని పని అయిపోయింది’ అని తన చేత్తోనే రాసుకుంది.

తమ్ముడు సెలవుకి రాగానే ఆ పేజీ ముందు పెట్టింది.

“పేరు మార్చుకోవడం నేరమా? పెళ్ళయితే ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకోరా?” అని నవ్వాడు వాడు.

“ఇంటిపేరు మార్చుకుంటే విరిగిన నడుం అతుక్కుంటుందట్రా? మూడో సరుకు గది అడుగున చూశావా?”

వాడి నవ్వు తగ్గింది. “కొంచెం నీళ్ళూరతాయి. పంపు పెట్టి తోడేస్తాం. ఏ ఓడలో ఊరవు?”

“ఒరేయ్, నా మాట విను…”

“నువ్వు విను. ఈ మాట బయటికి పొక్కిందా, నోటి దగ్గరి కూడు లాగేసినదానివవుతావు. పాప మీద ఒట్టేసి చెప్తున్నా.”

ఆమె నోరు మూసుకుంది. పదకొండు రోజులు. ఓడ వచ్చినప్పుడల్లా రాయడం మానేసి ఓడ పక్కన, ఎంతదాకా మునగొచ్చో చూపే బరువు గీత వైపే చూస్తూ కూర్చునేది. రెండు చివర్లలోనూ గీత నీటికి పైనే ఉండేది. నడుం కుంగి మధ్యలో మాత్రం మునిగేది. ఒక రోజు రెండు వేళ్ళు, నాలుగు రోజులకి నాలుగు వేళ్ళు. షాపులో ఒకే రోజు రెండద్దాలు పాడు చేసింది. పన్నెండో రోజు లాకుల దగ్గరికి పోలేదు. మూడు పుస్తకాలు చంకన పెట్టుకుని జలమార్గాల తనిఖీ ఆఫీసు మెట్లెక్కింది.

అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ మొదట ఏదో పొద్దుపోని మనిషి అనుకుంది. రెండో పుస్తకం సగానికొచ్చేసరికి ఫోనందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఓడని లాకుల్లోనే ఆపేశారు. కంకర దించేశారు. అడుగున పగులు దొరికింది. ఆరుగురు సిబ్బంది సంచులు భుజాన వేసుకుని గట్టెక్కారు. తమ్ముడు ఆమె ముందునుంచే పోతూ, ముఖం ఎత్తకుండా, “కొంప ముంచావు కదక్కా” అన్నాడు.

“ఆపకపోతే ఎన్నాళ్ళు నిలిచేదమ్మా అది?” అని ఆమె ఇన్‌స్పెక్టరమ్మని అడిగింది.

“ఎవరు చెప్పగలరు? రేపే విరిగిపోయేదేమో. ఇంకో ఏడాది ఈదేదేమో.”

ఆ జవాబు ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఓడ మునిగిపోయుంటే ఆమె మాట నిజమని అందరూ ఒప్పుకునేవారు. మునగలేదు కాబట్టి పని పోవడం ఒక్కటే కళ్ళెదుట కనబడే నిజం. తమ్ముడే ఓడ గుట్టు బయటపెట్టాడని ఓడల యజమానుల్లో పుకారు పుట్టింది. ఏ ఓడా వాడిని ఎక్కించుకోలేదు. నెల తిరక్కుండా కింది వాటా ఖాళీ అయింది. మరదలు తాళంచెవి ఇస్తూ, “వదినా, ఆయన్ని ఏమీ అడగొద్దు” అంది. పాప చెయ్యి చాస్తే ఎత్తుకోవాలో వద్దో తెలియక ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

లాకుల దగ్గరికి వెళ్ళడం మానలేదు గానీ పుస్తకం తెరిచేది కాదు. గేటు మనిషి కూడా పేర్లు అడగడం మానేశాడు.

ఐదు నెలల తరవాత బస్టాపులో తమ్ముడు ఎదురయ్యాడు. బస్సుల గ్యారేజీలో చేరాడట. చొక్కా నిండా గ్రీజు. పక్కకి తప్పుకుంటాడనుకుంది. తప్పుకోలేదు. రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

“ఆ పగులు… నువ్వు చూశావా?”

“చూపించారు.”

“ఎంతుంది?”

“మూరెడు పైనే. చివర నా చెయ్యి పట్టింది.”

“పంపుకి ఏ పక్క?”

“సరుకు గది గోడ వైపు.”

వాడు తలొంచుకున్నాడు. పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. “నీళ్ళు తోడేటప్పుడు నేను మోకాళ్ళ మీద కూర్చునేది అక్కడే” అన్నాడు.

ఆమె వాడి చెయ్యి పట్టుకోబోయింది. అంతలో బస్సొచ్చింది. వాడు వెళ్తున్నానని చెప్పలేదు, రమ్మనీ అనలేదు. జనంతో పాటు ఎక్కి, ఆమె నిలబడ్డ వైపు కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా అటు చివర కూర్చున్నాడు.