గేటు ఆగన్న

రైలుగేటు చక్రం సగం తిప్పాక గాని ఆగన్నకు గుర్తు రాలేదు, బండి ఇక నేల మీద రాదని. గేటు రోడ్డుకు అడ్డంగా సగం వాలి ఆగిపోయింది. తలపైన కొత్త వంతెన మీద రైలు దడదడమంటూ వెళ్ళిపోయింది.

"ఏం మావా, గాల్లో పోయే బండికి నేల మీద గేటా?" సైకిలు దిగకుండానే నవ్వాడు పాలవాడు.

"చెయ్యి ఊరుకోదురా," అన్నాడు ఆగన్న, చక్రం వెనక్కు తిప్పుతూ.

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. ముప్పయ్యేళ్ళుగా "ఆగన్నా, ఆగు!" అని వచ్చేపోయేవాళ్ళను కేకలేసి కేకలేసి, ఆ కేకే ఆయనకు పేరైపోయింది. పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా బలిసి, చొక్కా ఎప్పుడూ ఓ పక్కకు లాగినట్టుండేది.

పట్టాలు వంతెన మీదికి ఎత్తమని అడిగినవాళ్ళలో ఆయనా ఒకడు. ఒక వానాకాలం సాయంత్రం దర్జీ భార్య గేటు కింద నుంచి వంగి దూరింది. ఆయన కేక బండి కూతలో కలిసిపోయింది. ఆమె అవతలికి చేరలేదు. తర్వాత అధికారులు వచ్చినప్పుడు జనాన్ని తోసుకుని ముందుకెళ్ళాడు.

"పైకెత్తెయ్యండి సార్. తొందరలో ఉన్నవాణ్ణి గేటేం ఆపుద్ది?"

"నీ ఉద్యోగం పోతుందయ్యా."

"పోనీండి."

కూర్చున్న కొమ్మ నరుక్కునే మనిషిని నిన్నే చూశానని భార్య చాలాకాలం సణిగింది. స్తంభాలు లేచేసరికి ఏళ్ళు పట్టింది. ఇప్పుడిక పాత పట్టాలు పీకేదాకా కాపలా ఉండమన్నారు.

కుదురు లేదు. స్టూలు మీద కూర్చుంటాడు, లేస్తాడు, రోడ్డు మధ్యకు వెళ్ళి రెండు పక్కలా చూసి వస్తాడు. నిన్నమొన్నటిదాకా అద్దంలా మెరిసిన పట్టాల మీద ఎర్రగా తుప్పు. బొటనవేలితో రుద్దాడు. పోలేదు.

మధ్యాహ్నం దర్జీ కూతురు బట్టలమూట నెత్తిన పెట్టుకుని, ఎటూ చూడకుండా పట్టాల మీదికి వచ్చేసింది.

"ఆగమ్మా!"

ఆ పిల్ల కొయ్యబారిపోయింది. ఇద్దరూ అటూ ఇటూ చూశారు. దూరంగా ఒక కుక్క పట్టాల మధ్య పడుకుని ఉంది.

"బండేది బాబాయ్?"

"లేదులే. పోమ్మా, పో."

"ఇంకా ఎందుకా కేకలు? ఇంటికెళ్ళి పడుకోరాదూ," అని నవ్వుకుంటూ దాటింది. అవతలి మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా భార్య వచ్చింది. "రావయ్యా, ఇంకా ఇక్కడేం పని?"

"కాసేపు కూర్చో," అన్నాడు. ఆ గేటు దగ్గర ఆయన ఆమెను కూర్చోమనడం అదే మొదలు. ఆమె గేటు గది గడప మీద కూర్చుంది.

"దర్జీ పిల్ల దాటిందే. చూడకుండా దాటింది."

"దాటితే?"

"ఏం కాలేదు," అని మెల్లగా నవ్వాడు. "ఈ భుజమే, పొద్దున్నుంచీ లాగేస్తోంది." స్టూలు మీదే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

పైన బండి వచ్చింది. గది కిటికీ గడగడలాడింది. బండి చప్పుడుకు ఆయన లేవకపోవడం ఆమె ఏనాడూ చూడలేదు. ఆయన లేవలేదు. ఆమె వంగి ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి అందలేదు. బండి మొత్తం వెళ్ళిపోయేదాకా వదల్లేదు.

కొన్నాళ్ళకు గేటు ఊడదీయడానికి వచ్చిన పనివాళ్ళకు స్టూలు కింద ఒక చెప్పుల జత కనిపించింది. చక్రం తిప్పేటప్పుడు బరువంతా మోపిన కుడిది మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయింది. ఎడమది ఇంకా చాన్నాళ్ళు వచ్చేలా ఉంది.